బైబిల్ దాస్య నియమాలు – నేటి నీతికి నిలిచేవి, నిలవనివి

బైబిల్ దాస్యాన్ని ఎక్కడా పూర్తిగా నిషేధించలేదు. దానికి హద్దులు గీసింది, గడువులు పెట్టింది, కొన్నిచోట్ల యజమానుల మీద నిప్పులు చెరిగింది; కానీ మనిషిని మనిషి సొత్తుగా ఉంచుకోవచ్చన్న మూలాన్ని పెకలించలేదు. ఆ నియమాలు ఇవాళ్టి నీతికి నిలుస్తాయా అన్న చర్చ రెండు వందల ఏళ్లకు పైగా సాగుతూనే ఉంది. తిరుపతి జిల్లా సూళ్లూరుపేట పరిసరాల్లో అది కేవలం వేదాంత చర్చ కాదు. ఊరికి తూర్పున పరుచుకున్న పులికాట్ సరస్సు, తెలుగువారి ప్రళయకావేరి, దక్షిణపు కొసన 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు మనుషుల్ని ఓడలెక్కించి అమ్ముకున్నారు. 19వ శతాబ్దంలో ఈ నెల్లూరు సీమకు బైబిల్ పట్టుకొచ్చిన మిషన్లలో ఒకటి, స్వదేశంలో బానిసత్వం మీదే రెండుగా చీలిపోయిన సంఘానిది. ఈనాటికీ ఇక్కడి గిరిజన యానాది కుటుంబాలు అడ్వాన్సు అప్పు కింద వెట్టిలో ఇరుక్కుంటున్నాయి.

ధర్మశాస్త్రం చెప్పేది

దాస్యం గురించిన ప్రధాన నియమాలు నిర్గమకాండం 21వ అధ్యాయంలో, లేవీయకాండం 25లో, ద్వితీయోపదేశకాండం 15, 23లలో ఉన్నాయి. మూడింటి ధోరణి ఒకటి కాదు. కాలం గడిచేకొద్దీ సవరించుకుంటూ వచ్చిన ఛాయలు వాటిలో కనిపిస్తాయి.

నిర్గమకాండం ప్రకారం కొనుక్కున్న హెబ్రీ దాసుడు ఆరేళ్లు పనిచేయాలి, ఏడో ఏట ఏమీ చెల్లించకుండా వెళ్లిపోవచ్చు. భార్యతో వచ్చినవాడు భార్యను తీసుకుపోతాడు. కానీ పెళ్లి యజమాని చేసి ఉంటే భార్యా, ఆమెకు పుట్టిన పిల్లలూ యజమానికే చెందుతారు, తాను ఒంటరిగా పోవాలి. వాళ్లను విడిచి పోలేను, యజమాని మీద కూడా ప్రేమ ఉంది అని అతను చెప్పుకుంటే, తలుపు దగ్గరికో ద్వారబంధం దగ్గరికో తీసుకెళ్లి కదురుతో చెవి గుచ్చుతారు. ఇక జీవితాంతం అతను దాసుడే.

బైబిల్ దాస్య నియమాల్లో ఇంతకంటే పరిశీలించదగిన ఘట్టం మరొకటి లేదు. పైకి అది దాసుడి ఇష్టం. వేరే దారి ఏముందో చూస్తే ఆ ఇష్టం ఎంతపాటిదో తెలుస్తుంది. ఆరేళ్ల గడువు మగవాడికి ఇచ్చిన చట్టం, అతని కుటుంబాన్ని యజమాని చేతిలో తాకట్టుగా వదిలింది. తాకట్టు అక్కడ ఉన్నంతకాలం తలుపు తెరిచి ఉన్నా మనిషి కదలడు. ఏ కాలపు దాస్య నియమాన్నయినా తూచడానికి ఇదే సరైన చోటు: అప్పుపడినవాడి పెళ్లాం బిడ్డల విషయంలో ఆ నియమం ఏమంటుంది? అదే అధ్యాయంలో, తండ్రి అమ్మిన కూతురు మగ దాసుల్లా ఏడో ఏట బయటికి పోదని కూడా ఉంది. యజమాని ఆమెను తనకో కొడుక్కో చేసుకోవచ్చు. తిండి, బట్ట, దాంపత్య హక్కు తగ్గిస్తే మాత్రం ఆమెను ఉచితంగా వదిలేయాలి. ఆనాటికి ఇది రక్షణే. కానీ ఆమె సమ్మతి ఎక్కడా అడగలేదు.

దెబ్బల విషయంలో నియమం రెండు వైపులా లాగుతుంది. దాసుణ్ణి కర్రతో కొట్టగా అక్కడికక్కడే చనిపోతే యజమానికి శిక్ష ఉంది. ఒకటి రెండు రోజులు బతికి పోతే శిక్ష లేదు, దాసుడు అతని సొమ్మే కాబట్టి. కన్ను పోగొట్టినా, పన్ను ఊడగొట్టినా దాసుణ్ణి స్వేచ్ఛగా పంపేయాలి. ఎద్దు పొడిచి దాసుడు చస్తే యజమానికి ముప్పై తులాల వెండి ముట్టాలి. దాసుడి ప్రాణానికి విలువ ఉందని ఈ వాక్యాలు ఒప్పుకుంటూనే, ఆ విలువను యజమాని లెక్కలో వేస్తున్నాయి.

లేవీయకాండం ఇంకో అడుగు ముందుకు వేసింది, ఆ అడుగుతోనే ఒక గోడ కూడా కట్టింది. బీదవాడై అమ్ముడుపోయిన ఇశ్రాయేలీయుణ్ణి దాసుడిలా కాక కూలివాడిలా చూడాలి. యాభయ్యో ఏట వచ్చే సునాద సంవత్సరంలో అతనూ అతని పిల్లలూ కలిసి సొంత వంశానికి తిరిగిపోవాలి. పిల్లల మాట ఇక్కడ స్పష్టంగా ఉంది, నిర్గమకాండానికి ఇది మంచి సవరణ. కానీ చుట్టుపక్కల జనాల నుంచి కొన్న దాసులు శాశ్వతపు ఆస్తి, వాళ్లను కొడుకులకు వారసత్వంగా ఇచ్చుకోవచ్చు. తనవాడికి ఒక నీతి, పరాయివాడికి మరో నీతి. తరవాతి శతాబ్దాల బానిస వర్తకులు ఎక్కువగా చేతపట్టుకున్నది ఈ రెండో భాగాన్నే.

ద్వితీయోపదేశకాండం స్వరం మరింత మెత్తన. ఏడో ఏట పంపేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి, ఎందుకంటే మీరూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులే. 23వ అధ్యాయంలో మరీ అసాధారణమైన నియమం ఉంది: యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన దాసుణ్ణి తిరిగి అప్పగించకూడదు, అతను కోరుకున్న ఊళ్లో ఉండనివ్వాలి. దీనికంటే ఎన్నో శతాబ్దాల ముందరి బాబిలోను హమ్మురాబి శాసనం, పారిపోయిన దాసుణ్ణి ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష వేసింది. అయితే అదే హమ్మురాబి శాసనం అప్పుకింద పెట్టిన భార్యాబిడ్డల్ని మూడేళ్లకే వదిలేయమంది. నిర్గమకాండం ఆరేళ్లు పనిచేయించుకోమంది. కాబట్టి బైబిల్ నియమాలు తమ కాలంకంటే అన్నింటా ముందున్నాయనడం కుదరదు, అన్నింటా వెనకబడి ఉన్నాయనడమూ కుదరదు. మన దేశపు ధర్మశాస్త్రాలూ ఇదే తీరు: మనుస్మృతి ఏడు రకాల దాసుల్ని లెక్కపెట్టింది, నారదస్మృతి ఆ లెక్కను పదిహేనుకు పెంచింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాకట్టు పడినవారి చేత హీనమైన పనులు చేయించకూడదంటూ కొన్ని కట్టుబాట్లు పెట్టింది.

అప్పులవాడు, విధవరాలు

చట్టాలకంటే కథల్లో బైబిల్ ఎక్కువ నిజం చెబుతుంది. రాజుల రెండో గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా ప్రవక్తను ఆశ్రయిస్తుంది. భర్త చనిపోయాడు, అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్క నూనె కుండ. ఇరుగుపొరుగుల దగ్గర అరువు తెచ్చిన పాత్రలన్నీ ఆ నూనెతో నిండుతాయి. అది అమ్మి అప్పు తీర్చి మిగిలినదానితో బతకమంటాడు ప్రవక్త. పిల్లలు దక్కారు. అయితే అప్పులవాడి హక్కును మాత్రం కథ ప్రశ్నించదు. అతనికి రావలసింది అతనికి ముట్టింది.

నెహెమ్యా 5వ అధ్యాయం అక్కడితో ఆగదు. కరువులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి, పన్ను కట్టడానికి అప్పుచేసి, చివరికి కొడుకుల్నీ కూతుళ్లనూ దాస్యంలోకి పంపుతున్నామని జనం మొరపెడతారు. నెహెమ్యా ప్రధానుల్ని సభలో నిలదీసి, వడ్డీ వదిలేయమని, పొలాలూ ఇళ్లూ తిరిగి ఇమ్మని, ఆ మేరకు ప్రమాణం చేయమని పట్టుబడతాడు. యిర్మీయా 34లో దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉంది: యెరూషలేము పెద్దలు దాసుల్ని విడిచిపెట్టి, ముట్టడి కాస్త సడలగానే మళ్లీ పట్టి తెచ్చుకున్నారు, ప్రవక్త వాళ్లను శపించాడు. యోబు 31లో మరో ఎత్తు కనిపిస్తుంది. తన దాసుడు వ్యాజ్యం తెస్తే తాను దాన్ని తోసిపుచ్చలేదని, తల్లి గర్భంలో ఇద్దరినీ చేసింది ఒకడేనని యోబు వాదిస్తాడు. దాస్యాన్ని వేళ్లతో సహా పెకలించగల ఆలోచన ఈ మాటల్లో ఉంది. అది చట్టమయ్యే దాకా మాత్రం రాలేదు.

కొత్త నిబంధనలో

యేసు బోధల్లో దాస్యం మీద నేరుగా తీర్పు లేదు. చెరపట్టబడినవారికి విడుదల ప్రకటించడం తన పని అని లూకా సువార్తలో చెప్పుకున్నాడు. మత్తయి 18లోని ఉపమానంలో బాకీపడిన సేవకుణ్ణి, భార్యాబిడ్డలతో సహా అమ్మమని రాజు ఆజ్ఞ ఇవ్వడం ఆ కాలపు మామూలు సంగతిగా వచ్చిపోతుంది. పౌలు పేర వెలసిన ఎఫెసీ, కొలొస్సయి పత్రికలు దాసుల్ని యజమానులకు లోబడి ఉండమన్నాయి, ఎఫెసీ పత్రిక యజమానుల్ని బెదిరింపులు కూడా మానమంది. పేతురు మొదటి పత్రిక కఠినులైన యజమానులకు కూడా లోబడమంది. మరోపక్క గలతీ పత్రిక క్రీస్తులో దాసుడూ స్వతంత్రుడూ అన్న తేడా లేదంది. తిమోతి మొదటి పత్రిక మనుషుల్ని దొంగిలించి అమ్మేవాళ్లను హంతకుల వరసలో నిలబెట్టింది. ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో, ఒనేసిము అనే దాసుణ్ణి తిరిగి పంపుతూ, ఇక దాసుడిగా కాక ప్రియ సోదరుడిగా చేర్చుకొమ్మని పౌలు బతిమాలాడు. విడిచిపెట్టమని ఆజ్ఞాపించలేదు.

నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ, దేవుడి పోలికలో పుట్టిన మనిషికి ధర ఎవరు కట్టగలరని ప్రసంగి గ్రంథం మీది ప్రసంగంలో నిలదీశాడు. ప్రాచీన క్రైస్తవంలో దాస్యం మొత్తాన్నే తప్పుపట్టిన గొంతు దాదాపు అదొక్కటే. తక్కిన సంఘమంతా దాస్యంతో సర్దుకుపోయింది.

ఈ తీరాన నడిచిన కథ

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకుంది. అక్కడి నుంచి బట్టలతో పాటు మనుషుల్నీ బటేవియాకు (నేటి జకార్తా), ఇతర డచ్చి స్థావరాలకు ఎగుమతి చేసింది. అరకాను దొంగలు బెంగాల్‌లో పట్టితెచ్చినవారు కొందరు. కోరమాండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు తమను తాము, లేదా పిల్లల్ని, అమ్ముకున్నవారు కొందరు. ఆ కోటలో ప్రార్థనలు జరిగేవి, బైబిల్ చదివేవారు. 1632 నుంచి 1642 దాకా అక్కడ మతగురువుగా ఉన్న అబ్రహాం రోజేరియస్, హిందూ ఆచారాల మీద యూరపులో తొలినాటి సమగ్ర గ్రంథాల్లో ఒకటి రాశాడు. అది 1651లో అచ్చయింది. డచ్చి మతపండితుల్లో చాలామంది బానిస వ్యాపారాన్ని సమర్థించడానికి ఆదికాండంలో నోవహు కనానుకు పెట్టిన శాపాన్నీ, లేవీయకాండంలోని పరదేశి దాసుల వాక్యాలనూ వాడుకున్నారు. పశ్చిమాఫ్రికాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, హాలండులో చదువుకున్న యాకొబస్ కాపిటీన్ 1742లో లైడెన్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం కూడా, బానిసత్వం క్రైస్తవ స్వేచ్ఛకు విరుద్ధం కాదనే వాదించింది. బానిసగా బతికినవాడి చేతనే ఆ మాట రాయించగల బలం ఆ వాదానికి ఉండింది.

నెల్లూరులో 1840లో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే వెనక ఉన్న సంఘం అయిదేళ్లకే పగిలింది. బానిసల్ని ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా నియమించబోమని ఉత్తరాది పెద్దలు తేల్చిచెప్పడంతో, దక్షిణాది బాప్టిస్టులు 1845 మే నెలలో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో వేరే కన్వెన్షను పెట్టుకున్నారు. నెల్లూరు మిషను ఉత్తరాది పక్షాన ఉండిపోయింది. అదే ఏడాది ఇద్దరు బాప్టిస్టు పెద్దలు, ఫ్రాన్సిస్ వేలాండ్, రిచర్డ్ ఫుల్లర్, బైబిల్ బానిసత్వాన్ని ఒప్పుకుంటుందా అని లేఖల్లో వాదించుకుని పుస్తకంగా వేశారు. అక్షరాన్ని పట్టుకుని చదివితే ఫుల్లర్ వైపే వాక్యాలు ఎక్కువ. వేలాండ్ వాటి వెనక ఉన్న దిశను చూపించాడు. ఆ సంవాదం కాగితాల మీద తేలలేదు, అమెరికా అంతర్యుద్ధంలో తేలింది. దక్షిణాది కన్వెన్షను తన పుట్టుకలో బానిసత్వం పాత్రకు క్షమాపణ చెప్పుకున్నది 1995లో.

సూళ్లూరుపేటకు 1860ల్లో వచ్చినది జర్మనీకి చెందిన హెర్మాన్స్‌బర్గ్ లూథరన్ మిషను, ఆగస్ట్ మిలియస్ నాయకత్వంలో. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు అది విస్తరించింది. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘం దాని వారసురాలే. మాలమాదిగ పల్లెల్లో చేరినవారికి ఈ సంఘాలు చదువు ఇచ్చాయి, పేరు ఇచ్చాయి, పెద్దమనిషి ముందు తలెత్తి నిలబడే ధైర్యం ఇచ్చాయి. భూమి మాత్రం చాలావరకు పాత చేతుల్లోనే ఉండిపోయింది, దానితో పాటే పాలేరుతనమూ జీతగాడితనమూ.

దాస్యాన్ని సమర్థించినవారు బైబిల్‌ను ఎంతగా నమ్ముకున్నా, పూర్తి బైబిల్ బానిసల చేతికి ఇవ్వడానికి భయపడ్డారన్నది మరువరాని సంగతి. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం అచ్చువేసిన ప్రతిలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథను తీసేశారు, గలతీ పత్రికలోని సమానత్వ వాక్యాన్ని తీసేశారు, దాసులు లోబడాలన్న ఎఫెసీ వాక్యాన్ని ఉంచారు. ఏది ఎవరికి పనికొస్తుందో ఆ కత్తిరింపులు వేసినవారికి బాగా తెలుసు.

చట్టం చేసిన మలుపు

భారతదేశంలో 1843 నాటి అయిదో చట్టం, దాస్యం మీద ఆధారపడిన హక్కును ఏ కోర్టూ అమలు చేయకూడదంది. దాసుల్ని ఉంచుకోవడాన్ని నేరమనలేదు. మనుషుల్ని కొనడం, అమ్మడం నేరమైనది 1862లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతితో. అప్పటికే దానికి అడ్డం కొట్టే మరో చట్టం వచ్చి కూర్చుంది. 1859 నాటి పని ఒప్పంద ఉల్లంఘన చట్టం, అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు తిరిగి పనికి పంపవచ్చని, కాదంటే జైల్లో పెట్టవచ్చని అంది. ద్వితీయోపదేశకాండం అప్పగించవద్దన్న మనిషిని ఈ చట్టం పోలీసు చేత అప్పగించింది. బైబిల్ చదివే పాలకుల ఏలుబడిలో అది 1925 దాకా బతికింది. బిడ్డల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ 1933లో వేరే చట్టం రావలసి వచ్చింది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా (అప్పు కింద పాలేరుతనం) ఒప్పందాలకు, 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ అప్పు దాస్యానికి పగ్గాలు వేశాయి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది.

అసలు తేడా తెచ్చింది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు లెక్క. వెట్టి కార్మికుడు విడుదల కావడమే కాదు, ఆ అప్పు కూడా రద్దయిపోతుందని అది ప్రకటించింది. రద్దయిన అప్పు కింద సొమ్ము పుచ్చుకుంటే, పుచ్చుకున్నవాడికి మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. తాతతండ్రుల అప్పుకైనా, కుటుంబంలో మరొకరి అప్పుకైనా మనిషిని పనికి కట్టేయడం కుదరదు. ఎలీషా కాలపు విధవరాలు నూనె అమ్మి బాకీ తీర్చుకోవలసి వచ్చింది; ఈ చట్టం ప్రకారం ఆమె ఒక్క రూపాయి చెల్లించనక్కరలేదు, అప్పులవాడు పుచ్చుకుంటే అతనే ముద్దాయి. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని కూడా నిర్బంధ శ్రమేనని 1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల (ఆసియాడ్) నిర్మాణ కూలీల కేసులో తేల్చింది.

నేల మీద సంగతి వేరు. శ్రీహరికోట అడవిలో తేనె, వేళ్లు, కట్టె సేకరించి, ప్రళయకావేరిలో చేపలు పట్టి బతికిన యానాదులకు భూమి పట్టాలు తక్కువ, చదువు తక్కువ. 1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అడవి కూడా దూరమైంది. రొయ్యల గుంటల కాపలా, సరుగుడు, జామాయిలు కొట్టడం, ఇటుక బట్టీలు, బాతులు మేపడం లాంటి పనులకు అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని కుటుంబంగా తీసుకుపోతారు. లెక్క యజమాని పుస్తకంలోనే ఉంటుంది. కొన్ని వేల రూపాయల అప్పు ఏళ్ల తరబడి తీరదు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివారు దశాబ్దాల పాటు యానాదుల కోసం పనిచేసి, తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన నేరస్థ తెగల చట్టపు మచ్చ 1952లో తొలగిపోవడం చూశారు. అప్పు మచ్చ మాత్రం పోలేదు.

2025లో ఇదే తిరుపతి జిల్లాలో నమోదైన కేసును పైన చెప్పిన విధవరాలి కథ పక్కన పెట్టి చూడాలి. ఫిర్యాదు ప్రకారం, బాతులు మేపే పనిలో ఉన్న యానాది కుటుంబంలో భర్త చనిపోయాడు. భార్య పిల్లలతో వెళ్లిపోతానంది. పాతిక వేల అప్పు వడ్డీతో నలభై అయిదు వేలైందని, కట్టి వెళ్లమని యజమాని అన్నాడు. డబ్బు తెచ్చేదాకా కొడుకును అక్కడే పనికి ఉంచుకున్నాడు. ఆమె డబ్బు సర్దుకుని తిరిగి వచ్చేసరికి పిల్లవాడు లేడు. చనిపోతే తల్లికి చెప్పకుండా తమిళనాడులో పాతిపెట్టారని తరవాత బయటపడింది. అలాంటి అప్పులు చట్టప్రకారం రద్దయి అప్పటికి యాభై ఏళ్లు కావస్తోంది. ఆ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

వాదాలు, వాటి బరువు

బైబిల్ నియమాలను సమర్థించేవారు ముఖ్యంగా మూడు మాటలంటారు. హెబ్రీ దాస్యం అట్లాంటిక్ బానిసత్వంలాంటిది కాదు, అప్పు తీర్చుకునే కొలువు మాత్రమే అన్నది మొదటిది. స్వజాతి దాసుల విషయంలో ఇది చాలావరకు నిజం, కొన్న పరదేశుల విషయంలో కాదు. పైగా అప్పు కొలువు కదా అని తేలిక చేయడానికి వీల్లేదు. నేటి వెట్టి అంతా అప్పు కొలువే. రెండోది, మనుషుల హృదయ కాఠిన్యాన్ని బట్టి దేవుడు అప్పటికి సర్దుకున్నాడన్నది. ఈ మాటకు విమర్శకుల జవాబు గట్టిది: ఏ మాంసం తినకూడదో, ఏ నూలు దేనితో కలిపి నేయకూడదో ఖరాఖండిగా చెప్పిన శాస్త్రం, మనిషిని కొనవద్దని చెప్పడానికి ఎందుకు వెనకాడింది? పది ఆజ్ఞల్లో చివరిది పొరుగువాడి ఎద్దు, గాడిదలతో పాటు అతని దాసదాసీలనూ ఆశించవద్దంటుంది, వాళ్లను ఆస్తి జాబితాలోనే ఉంచుతూ.

మూడో వాదం వాక్యాల దిశను చూడమంటుంది. 2001లో విలియం వెబ్ లాంటి పండితులు దీన్ని పద్ధతిగా మలిచారు: చుట్టుపక్కల సమాజాల కంటే గ్రంథం ఎటు కదిలిందో పట్టుకుని ఆ కదలికను ముందుకు కొనసాగించాలి. ఇది నిజాయితీ ఉన్న వాదం. అయితే దీన్ని ఒప్పుకోవడమంటే, ఆ నియమాలు రాసినవి రాసినట్టు నేటి నీతికి చాలవని ఒప్పుకోవడమే. ఏ వాక్యం దిశ, ఏ వాక్యం మడ్డి అని తేల్చే కొలమానం చదివేవాడి అంతరాత్మలోంచీ, దాస్యం అనుభవించినవారి సాక్ష్యంలోంచీ రావాలి. చట్టంగా చూస్తే నిర్గమకాండపు చెవి గుచ్చడం, దెబ్బల లెక్క, లేవీయకాండపు పరదేశి వారసత్వం, పేతురు పత్రికలోని లోబాటు నేడు నిలవవు. వాటిని పాటించేవాడు మన దేశంలో నేరస్థుడు. పారిపోయినవాణ్ణి అప్పగించవద్దన్న మాట, యోబు అడిగిన ప్రశ్న, నెహెమ్యా సభ, మనిషి దొంగల మీద తీర్పు నిలుస్తాయి, కొన్నిచోట్ల నేటి ఆచరణ కంటే ఎత్తున నిలుస్తాయి.

వట్టి చేతులతో పంపవద్దన్న నియమం ఆ రెండో కోవలోదే. కేంద్ర ప్రభుత్వ 2016 పునరావాస పథకం విడుదలైన పురుషుడికి లక్ష, స్త్రీలకూ, కొన్ని వర్గాల పిల్లలకూ 2 లక్షలు, అతి హీనమైన దోపిడీకి గురైనవారికి 3 లక్షల రూపాయలు ఇవ్వాలంటుంది. తక్షణ సాయంగా పెట్టిన 20 వేలను 2022లో 30 వేలకు పెంచారు. పెద్ద మొత్తం మాత్రం కేసు విచారణతో ముడిపడి ఉంది. దానికి ముందు అధికారి వెట్టిని గుర్తించి విడుదల పత్రం రాయాలి. ఆ పత్రం లేని కుటుంబం బట్టీ నుంచో బాతుల మంద నుంచో కట్టుబట్టలతో బయటికి వస్తుంది, వచ్చే సీజనుకు మళ్లీ ఎవరి దగ్గరో అడ్వాన్సు తీసుకుంటుంది.